సంధ్యవేళ మాట

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన వాక్యం చూశాను. ‘అమ్మమ్మ కళ్ళు క్రెపస్క్యులర్ అయ్యాయి’ అని ఇంగ్లీషులో రాశావు. అమ్మకి చదివి వినిపిస్తే ‘అదేం రోగంరా’ అంది. మాటలూ అర్థాలూ రాసుకునే నీ కార్డు మీద ఆ మాటకి ఎదురుగా ‘డిమ్’ అని ఉంది. నువ్వు మసక అనుకున్నావు, తీసుకెళ్ళి శుక్లాలొచ్చిన కళ్ళకి అతికించావు. జీఆర్ఈ కోసం రోజుకి 50 మాటలు బట్టీ పడితే ఇలాగే అవుతుంది మరి.

ముందు పలకడం. క్రి-పస్-క్యు-లర్. ఒత్తు ‘పస్’ మీద పడాలి.

ఇది లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ క్రెపస్క్యులమ్ అంటే మునిమాపు. తెల్లవారుజాము వెలుగుకి వాళ్ళు డిలుక్యులమ్ అని వేరే మాట వాడుకున్నారు. ఇంగ్లీషులో మాత్రం క్రెపస్క్యులర్ రెండు పూటలకీ చెల్లుతుంది. ఈ సంగతి నాకు సిగ్గుపడి తెలిసింది. కొత్తగా లెక్చరర్ అయిన రోజుల్లో పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్తూ, గొప్పకి పోయి, బస్సు ‘క్రెపస్క్యులర్ అవర్’లో బయలుదేరుతుందని నోటీసు రాశాను. పిల్లలకి ఎలాగూ అర్థం కాలేదు. మా లైబ్రేరియన్ డిక్షనరీ తిరగేసి వచ్చి, ‘పొద్దున్నా మాస్టారూ, సాయంత్రమా?’ అని అడిగాడు. జవాబు చెప్పలేక నోటీసు చించేసి, ఉదయం 5 గంటలు అని రాసి పెట్టాను.

నిజానికి ఈ మాట మనకి ఎప్పుడో తెలుసు. సంధ్య అంటాం కదా! ప్రాతఃసంధ్య, సాయంసంధ్య. రాత్రికీ పగటికీ నడుమ అతుకు. గోధూళి అంటే సాయంత్రమే, వేకువ అంటే పొద్దున్నే, సంధ్య ఒక్కటే రెండు వైపులా తిరుగుతుంది. కార్డు మీద ‘డిమ్’ కొట్టేసి ‘సంధ్యవేళకి చెందిన’ అని రాసుకో. మసకతనం అనే అర్థం కూడా ఉంది కానీ అది ఆ వెలుగు నుంచి పుట్టిన మసక. గదిలో వెలుగు క్రెపస్క్యులర్ కావచ్చు. శుక్లాలు కావు, మాసిన అద్దం కాదు.

అరుదైన విశేషణం దొరికినప్పుడు నేను దాని అర్థం కంటే ముందు దాని పక్కన ఏ నామవాచకం కూర్చుంటుందో వెతుకుతాను. పెళ్ళి సంబంధానికి ఇరుగుపొరుగుని వాకబు చేసినట్టన్నమాట. దీనికి ఎక్కువగా కనిపించేవి రెండు: జంతువులు, కిరణాలు.

జంతుశాస్త్రంలో పగలు తిరిగేవి డయర్నల్, రాత్రి తిరిగేవి నాక్టర్నల్, రెండు సంధ్యల్లో మేతకో వేటకో బయల్దేరేవి క్రెపస్క్యులర్. కుందేళ్ళు, చాలా రకాల జింకలు, మన ఇంటి పిల్లి. మలేరియా మోసుకొచ్చే అనాఫిలిస్ దోమల్లో కూడా చాలావి సంధ్యవేళ గానీ రాత్రి గానీ కుట్టేవే. దీపం పెట్టేవేళకి పెరటి తలుపు వెయ్యమని అమ్మ అరిచేది లక్ష్మి వెళ్ళిపోతుందని, కానీ దోమల లెక్కలోనూ అది మంచి సలహానే.

ఇక కిరణాలు. గోదావరి గట్టున సాయంత్రం మబ్బుల సందుల్లోంచి వెలుగు చారలు విసనకర్రలా విచ్చుకోవడం చూశావు కదా, నువ్వు ఫొటో కూడా తీశావు. వాటిని క్రెపస్క్యులర్ రేస్ అంటారు. నిజానికి ఆ చారలన్నీ దాదాపు సమాంతరంగా వచ్చేవే. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించడం ఎలాంటిదో, ఇవి ఒకచోట నుంచి విడినట్టు కనిపించడం అలాంటిదే. అప్పుడప్పుడు వీపు వైపు తిరిగి తూర్పున చూడు, అవే చారలు అక్కడ మళ్ళీ దగ్గరైనట్టు కనపడొచ్చు.

జంతువుల అర్థంలో వాడినప్పుడు ‘మోర్ క్రెపస్క్యులర్’ అని పోల్చకు. మాట్లాడేటప్పుడు అసలు వాడకు. ‘సాయంత్రం కలుద్దాం’ అనాల్సిన చోట ఇది వాడితే నా నోటీసు గతే పడుతుంది. సైన్సు వ్యాసంలో సహజంగా ఉంటుంది, కథలో ఒక్కసారి బాగుంటుంది, రెండోసారి కనిపిస్తే రచయిత డిక్షనరీ కొన్నాడని తెలిసిపోతుంది.

నువ్వింకా పాత పుస్తకాలతో వ్యతిరేక పదాలు బట్టీ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. జీఆర్ఈలో ఆంటనిమ్స్, అనాలజీస్ 2011లోనే తీసేశారు తల్లీ. ఇప్పుడు మాటని వాక్యంలో పెట్టి అడుగుతారు. రోజుకి 50 వద్దు, 10 చాలు. ఒక్కోదానికి నువ్వు కళ్ళారా చూసినదాని మీద ఒక వాక్యం రాయి. డిక్షనరీలో ఉన్న ఉదాహరణ ఎత్తి రాస్తే నేను పట్టేస్తాను.

ఈ మాటకి ఆదివారంలోగా కొత్త వాక్యం పంపు. ఆ గోదావరి ఫొటో మీద రాసినా సరే. అమ్మమ్మ కంటి ఆపరేషన్ గురువారం, టెన్షన్ పడకు, నేను దగ్గరుంటాను. ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ రోగం పేరు ఎత్తకు, ఆవిడ డాక్టర్ని అడిగేలా ఉంది.

మీ పెద్దమామయ్య