గజమాల ఖర్చు ఎవరి లెక్క?

ప్రశ్న: మా అసెంబ్లీ అభ్యర్థి నోరు తెరిస్తే నిరాడంబరత అంటారు. రోడ్ షోలో మాత్రం డీజే, బాణసంచా, క్రేన్‌తో గజమాల, పక్కన సినిమా నటుడు. పరిమితి 40 లక్షలేనట, అదెలా సరిపోతుంది?

జవాబు: కాగితం మీద సరిపోతుంది! ఆ పరిమితి అభ్యర్థికే, పార్టీకి లేదు. పైగా నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వరకే లెక్క. అంతకుముందు చేసిన హంగామా అందులోకి రాదు. గుర్తింపు పొందిన పార్టీ 40 మందిని స్టార్ ప్రచారకులుగా ప్రకటించుకోవచ్చు. వాళ్ల ప్రయాణ ఖర్చు పార్టీదే. అయితే ఆ నటుడు అభ్యర్థితో ఒకే వేదిక ఎక్కినా, పేరు చెప్పి ఓటడిగినా సభ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. అందుకే కొందరు వేదిక కింద నిలబడి చేతులూపుతుంటారు. వినయం అనుకునేరు!

అధికారుల వీడియో బృందాలు కుర్చీలు, మైకులు, వాహనాలు చిత్రీకరిస్తాయి. జిల్లా ధరల పట్టిక ప్రకారం విలువ కట్టి నీడ రిజిస్టర్‌లో, అంటే అధికారులు విడిగా రాసుకునే లెక్కల పుస్తకంలో రాస్తారు. అభ్యర్థి లెక్కతో అది కలవకపోతే నోటీసు వస్తుంది.

ఇలాంటివి కంటపడితే ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసే సీ-విజిల్ యాప్ వాడండి. ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి, అక్కడికక్కడే యాప్‌లోనే ఫొటో గానీ 2 నిమిషాల్లోపు వీడియో గానీ తీయాలి. గ్యాలరీలోని పాత ఫొటోలు తీసుకోదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వాహనాల నంబర్లు కనిపించేలా తీయండి. పేరివ్వకుండానూ పంపొచ్చు, కానీ అప్పుడు ఫిర్యాదు ఏమైందో తెలియదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్కలివ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 3 ఏళ్ల అనర్హత.