జోడీ విజయవాడ వెళ్లిపోతోంది, మా పాప ఏమైపోవాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. పాప పదో తరగతి పూర్తి చేసింది. ఐదేళ్లుగా భీమవరంలో టేబుల్ టెన్నిస్ నేర్చుకుంటోంది. సింగిల్స్‌లో రెండో రౌండు దాటడం కష్టం గానీ, స్నేహితురాలితో కలిసి డబుల్స్‌ ఆడితే జిల్లాలో ఎప్పుడూ ఫైనల్సే. ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం, మా పాపది కుడి. ఇప్పుడు ఆ అమ్మాయిని విజయవాడలో హాస్టల్లో పెట్టి బైపీసీ చదివిస్తారట. ఇద్దర్నీ హైదరాబాద్ అకాడమీలో వేద్దాం, ఖర్చంతా నాదేనని వాళ్ల నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ తేల్చలేదు. 2028 ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ మళ్లీ పెడుతున్నారని కోచ్ గారు అన్నారు. మన సాత్విక్ ఆడేదీ డబుల్సే కదా. అకాడమీయా, ఎంపీసీయా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను గానీ, ముందు ఒక మాట. పట్టుబడికి ముందే అడ్వాన్సు ఇచ్చి సరుకు కట్టేసుకున్నట్టు, పక్కింటి పిల్ల ఇంటర్‌ని కట్టేసుకుందామనుకున్నారు. తప్పండీ. రేపు ఆ అమ్మాయి ఓ మ్యాచ్ సరిగా ఆడకపోతే మీరు పైకేమీ అనరు, కానీ మీ మొహం చూసి ఆ పిల్లకి మీ డబ్బే గుర్తొస్తుంది. ఆ భయంతో రాకెట్ పట్టుకున్న పిల్లతో మీ పాప ఏం గెలుస్తుంది?

ఇక ఒలింపిక్స్ సంగతి. కోచ్ గారు చెప్పింది నిజమే. 1988 సియోల్ నుంచి 2004 ఏథెన్స్ దాకా మహిళల డబుల్స్ ఉండేది. 2008లో దాన్ని తీసి టీమ్ పోటీ పెట్టారు. 2028 లాస్ ఏంజిలెస్‌లో మళ్లీ డబుల్స్ వస్తోంది. అయితే అప్పట్లో గెలిచిందెవరో కూడా చూడాలిగా. 1992లో, 1996లో చైనా అమ్మాయి డెంగ్ యాపింగ్, చియావ్ హాంగ్‌తో కలిసి. 2000లో వాంగ్ నాన్, లీ జూ. 2004లో వాంగ్ నాన్, జాంగ్ యీనింగ్. ఈ నాలుగుసార్లూ సింగిల్స్ బంగారం కూడా ఆ జోడీలో ఒకరికే దక్కింది.

చించినాడ వంతెన దాటితే కోనసీమే కాబట్టి, ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో సగం అమలాపురం కుర్రాడి పేరుతోనే మొదలవుతున్నాయి. గర్వపడండి, కాదనను. కానీ సాత్విక్ ఆడేది బ్యాడ్మింటన్. అక్కడ డబుల్స్ అంటే వేరే సంసారం. కేవలం డబుల్సే ఆడుతూ సాత్విక్, చిరాగ్ శెట్టి 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. టేబుల్ టెన్నిస్‌లో ఆ వేరు కాపురం లేదు. ప్రపంచ టీమ్ చాంపియన్‌షిప్‌లో ఒక పోరులో ఉండే ఐదు మ్యాచ్‌లూ సింగిల్సే.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, అదే 2023లో, మన టేబుల్ టెన్నిస్ జోడీ సుతీర్థ ముఖర్జీ, ఐహికా ముఖర్జీ క్వార్టర్ ఫైనల్లో అప్పటి ప్రపంచ చాంపియన్లు చెన్ మెంగ్, వాంగ్ యీదీలను ఓడించారు. సెమీస్‌లో ఉత్తర కొరియా జోడీ చేతిలో 3-4తో పోయింది గానీ, ఆసియా క్రీడల మహిళల డబుల్స్‌లో మనకి మొదటి పతకం అదే. ఇంటిపేరు ఒకటే అయినా అక్కచెల్లెళ్లు కారు, ఇద్దరిదీ బెంగాల్లో నైహాతి అనే ఊరు. పతకం వచ్చేనాటికి ఇద్దరికీ పాతికేళ్లు దాటాయి. మరుసటి ఏడాది ఐహికా సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్‌షాని కూడా ఓడించింది. అంత ఆడినా 2024 పారిస్‌కి ఐహికా రిజర్వుగానే వెళ్లింది, సుతీర్థకి చోటే దక్కలేదు. ఒలింపిక్స్ టీమ్ పోటీలో ఒక మ్యాచ్ డబుల్స్ ఉంటుంది, రొమేనియా మీద అది ఆడి గెలిచింది మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, అర్చనా కామత్.

అసలు మీ భయం అకాడమీ గురించి కాదనుకుంటాను. ఆ అమ్మాయి వెళ్లిపోతే మా పాప సున్నా అయిపోతుందేమోనని. అవ్వదండీ. అర్చన అంతకుముందు మనికా బత్రాతో ఆడేది. మనికా 2018 కామన్వెల్త్‌లో మౌమా దాస్‌తో కలిసి వెండి పతకం తెచ్చింది. శ్రీజ 2022 కామన్వెల్త్ బంగారం మిక్స్‌డ్‌లో, అంటే ఆడా మగా కలిసి ఆడే డబుల్స్‌లో, శరత్ కమల్ పక్కన నిలబడి. జోడీలు మారుతూనే ఉంటాయి. డబుల్స్‌లో వరస తప్పకుండా ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి కాబట్టి, కొట్టగానే పక్కకి తప్పుకుని మళ్లీ చోటుకి రావడం మీ పాపకి ఈపాటికి అలవాటై ఉంటుంది. సర్వీసు ఎప్పుడూ కుడి సగం నుంచి కుడి సగానికే కాబట్టి, బంతి ఎటొస్తుందో తెలిసి దాన్ని నెట్ దగ్గరే పడేలా పొట్టిగా తీయడమూ వచ్చి ఉంటుంది. అవి ఆ పిల్లతో పాటు విజయవాడ బస్సెక్కవు. ఎడమచేతి వాటం వల్ల ఇద్దరూ అడ్డం పడకుండా ఆడగలిగారు, అంతే. రేపు కుడిచేతి పిల్ల పక్కన అదే పని కొంచెం కష్టంగా ఉంటుంది, ఓ ఆరు నెలలు.

అకాడమీల మీద మాత్రం నాకు అనుమానాలే. కోచింగ్ చెడ్డదని కాదు. కాలేజీలో పేరుకి డమ్మీ అడ్మిషన్, పొద్దుటా సాయంత్రం ఆట, మధ్యలో ఫోను, ఏడాదికోసారి సొంత ఖర్చుతో విదేశంలో యూత్ టోర్నమెంట్, గ్రూపులోనే ఓడి విమానాశ్రయంలో ఫొటో. పద్దెనిమిదేళ్లకి పిల్ల నా ముందు కూర్చుని, ‘నాకు ఆటా రాలేదు, చదువూ రాలేదు సార్’ అంటుంది. ఇలాంటివాళ్లు ఎందరొచ్చారో నేను లెక్కపెట్టడం మానేశాను. పారిస్‌లో ఆడిన ఆ అర్చన, పోటీలవగానే, ఇరవై నాలుగేళ్లకి ఆట పక్కన పెట్టి అమెరికాకి చదువుకోవడానికి వెళ్లింది. చదువు వదల్లేదు కాబట్టి వెళ్లగలిగింది. శ్రీజ రిజర్వ్ బ్యాంకు ఉద్యోగం చేస్తూనే ఆడుతోంది.

పోలిక అడిగారుగా. పొద్దున్నుంచి రాత్రిదాకా గదిలో కుక్కే ఎంపీసీ వద్దు, డమ్మీ ఎంపీసీ అసలే వద్దు. సాయంత్రం నాలుగింటికి వదిలే డే కాలేజీ భీమవరంలో దొరుకుతుంది, గ్రూపు పాపనే ఎంచుకోనివ్వండి. రోజూ రెండు గంటలు ఆట, అందులో ఎక్కువ సింగిల్స్. వేసవిలో నెలరోజులు హైదరాబాద్ పంపండి. రెండేళ్లలో రాష్ట్రస్థాయి సింగిల్స్‌లో క్వార్టర్స్ దాకా వస్తే అకాడమీ మాట అప్పుడు మాట్లాడుకుందాం. స్పోర్ట్స్ కోటా లెక్కలు కూడా అప్పుడే. 2028ని మర్చిపోండి, అప్పటికి పాప డిగ్రీలో చేరుతూ ఉంటుంది.

ఇంకొకటి. టోర్నమెంట్ నుంచి వచ్చేటప్పుడు కారులో ఏ పాయింటు ఎవరి వల్ల పోయిందో లెక్కలు తీసే నాన్నల్ని చాలామందిని చూశాను. మీరూ అందులో ఒకరైతే ఈ వారం నుంచి మానేయండి. రొయ్యల రేటు గురించి మాట్లాడుకోండి, ఏదైనా టిఫిన్ సెంటర్ దగ్గర ఆపి పెసరట్టు తినిపించండి.

ఆ అమ్మాయి నాన్నగారికి ఈరోజే ఫోన్ చేసి, ఖర్చు మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. పిల్లని హాస్టల్లో దింపడానికి తోడు కావాలంటే మీ కారు ఇవ్వండి. దసరా సెలవులకి ఆ పిల్ల ఊరొస్తుంది, భీమవరంలో టేబుల్ అక్కడే ఉంటుంది.