పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంటులో ప్యూరిటీ పడిపోతే సీవ్ మార్చాల్సిందేనా?

మీ ప్రశ్న ఇదీ: రెండు టవర్ల పీఎస్ఏ ప్లాంటు, అంటే పీడనం పెంచి దించుతూ గాలిలోంచి ఆక్సిజన్‌ని వేరుచేసేది. గంటకు 10 నార్మల్ క్యూబిక్ మీటర్ల (సున్నా డిగ్రీలు, మామూలు వాతావరణ పీడనం లెక్కన) ఆక్సిజన్ ఇవ్వాలి. మొదట్లో 94 శాతం ప్యూరిటీ వచ్చేది, కొన్ని వారాలుగా 86 దాటడం లేదు. సర్వీసుకు వచ్చినవాళ్లు జియోలైట్ (టవర్లలో నైట్రోజన్‌ని పట్టుకునే గింజలు, సీవ్ అనేది వీటినే) మొత్తం మార్చాలంటున్నారు.

చివరికి మార్చాల్సి రావచ్చు. కానీ ఇప్పుడే ఒప్పుకోకండి. జియోలైట్ తనంతట తాను పాడవదు, ఏదో ఒకటి దాన్ని పాడుచేస్తుంది. అదేమిటో తేలకుండా కొత్త సీవ్ పోస్తే దానికీ అదే గతి. పైగా సీవ్‌తో సంబంధం లేని కారణాలే అరడజను ఉన్నాయి. వాటిని ఒక్క రోజులో, పెద్దగా ఖర్చు లేకుండా చూసేయొచ్చు.

ముందు ఒక లెక్క. గాలిలో ఆక్సిజన్ 20.95 శాతం, ఆర్గాన్ 0.93 శాతం. జియోలైట్‌లో ఉండే సోడియం, కాల్షియం లేదా లిథియం అయాన్లు నైట్రోజన్‌ని గట్టిగా లాగుతాయి. ఆక్సిజన్‌నీ ఆర్గాన్‌నీ దాదాపు ఒకేలా వదిలేస్తాయి. అందుకే నైట్రోజన్ మొత్తం పోయినా ఆక్సిజన్ 95.7 శాతం దాటదు. మామూలు పీఎస్ఏ మీద మీటరు 97 చూపిస్తే సంతోషించకండి, మీటరు తప్పు. అలాగే లోపలికి వెళ్లే ఆక్సిజన్‌లో 40 శాతం బయటికి రాబట్టే ప్లాంటు అనుకుంటే, 93 శాతం ప్యూరిటీతో 10 క్యూబిక్ మీటర్లకు గంటకు సుమారు 110 నార్మల్ క్యూబిక్ మీటర్ల గాలి కావాలి. కంప్రెసర్ అంత ఇవ్వడం లేదంటే సీవ్‌ని తిట్టి లాభం లేదు.

అందుకే మొదట అనుమానించాల్సింది మీటరునే. చాలా ప్లాంట్లలో ఉండేది గాల్వానిక్ సెల్, ఆక్సిజన్‌తో రసాయన చర్య జరిగి కరెంటు పుట్టించే సెన్సర్. అది వాడుతున్నకొద్దీ అరిగిపోయి తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. దాన్ని గాలితో 20.9 దగ్గర మాత్రమే సరిచేస్తే చాలదు. అక్కడ 0.3 తేడా ఉంటే 93 దగ్గర అది 1.3 అవుతుంది. 99.5 శాతం పైన ఉన్న సిలిండర్ ఆక్సిజన్‌తో పై చివర కూడా సరిచూడండి. ఇంకొక చిక్కుంది: ఈ సెల్ కొలిచేది శాతాన్ని కాదు, ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని. శాంపిల్ బయటికి పోయే గొట్టం నొక్కుకుపోయి 20 మిల్లీబార్ల పీడనం పెరిగితే 93 ఉన్నది 94.8గా కనిపిస్తుంది. ఆ స్థితిలో కాలిబ్రేట్ చేసి తర్వాత గొట్టం సరిచేస్తే అంతే తేడాతో తక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్ అయస్కాంత గుణంతో కొలిచే పారామాగ్నెటిక్ మీటర్లకూ ఇదే జబ్బు.

మీటరు నిజమే చెబుతోందని తేలాక, అదే మీటరుని కంప్రెసర్ గాలి పీల్చే చోట పెట్టండి. 20.9 రావాలి. ప్లాంటు వదిలే నైట్రోజన్ అదే గదిలో తిరుగుతుంటే కంప్రెసర్ దాన్నే మళ్లీ పీలుస్తుంది. వదిలే గ్యాస్ చప్పుడు తగ్గించే సైలెన్సర్ గొట్టం గది బయటికి లేని చోట ఇది మామూలే. అప్పుడు ప్యూరిటీ సంగతి అలా ఉంచండి, ఆ గదిలో మనుషులు నిలబడటమే ప్రమాదం.

తర్వాత డ్రా, అంటే వాడకానికి తీసే ఆక్సిజన్, సగానికి తగ్గించండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఆక్సిజన్ నిల్వ చేసే బఫర్ ట్యాంకు 1 క్యూబిక్ మీటరు ఉండి 4 బార్ గేజ్‌లో (వాతావరణ పీడనం మీద 4 బార్) ఉంటే అందులో దాదాపు 5 నార్మల్ క్యూబిక్ మీటర్ల పాత గ్యాస్ ఉంటుంది. గంటకు 5 చొప్పున తీస్తే అది ఒకసారి మారడానికే గంట. పూర్తిగా కడుక్కుపోవడానికి మూడు గంటలు. కాబట్టి శాంపిల్‌ని ట్యాంకు తర్వాత కాదు, దానికి ముందు తీసుకోండి. సగం డ్రాలో 94 వస్తే సీవ్ పనిచేస్తోందన్నమాట. గాలి చాలకపోవడం, పీడనం తగ్గడం, ఎక్కడో లీకు, లేదా కొంచెం తేమ ఎక్కడం, వీటిలో ఏదో ఒకటి కారణం. సగం డ్రాలో కూడా కదలకపోతే, ఒక టవర్ తన వంతులో నైట్రోజన్ ఎక్కువున్న గ్యాస్‌ని వదులుతోందేమో చూడాలి. ట్యాంకుకు ముందు తీసిన శాంపిల్‌లో ప్యూరిటీ ఒక వంతులో ఎక్కువ, మరో వంతులో తక్కువ అవుతుంటే ఏ టవర్‌దో వెంటనే తెలుస్తుంది. ట్యాంకు తర్వాత తీస్తే ఆ తేడా కలిసిపోయి మాయమవుతుంది.

ఇక అసలు పని, పీడనాలు రాసుకోవడం. పీఎస్ఏ పద్ధతికి పునాది చమురు కంపెనీ ఎస్సోలో చార్లెస్ స్కార్‌స్ట్రామ్ వేసినది, ఆయన పేటెంటు 1960లో వచ్చింది. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లో గ్యాస్ కంపెనీ ఎయిర్ లిక్విడ్ వాళ్లూ వాక్యూమ్‌తో నడిచే మరో పద్ధతి పెట్టారు. స్కార్‌స్ట్రామ్ కనిపెట్టింది మొదట గాలిని ఆరబెట్టడానికి, అదీ వేడి చేయకుండా. పీడనంలో పట్టుకున్నదాన్ని పీడనం దించి వదిలించడం, కొంచెం శుభ్రమైన గ్యాస్‌ని వెనక్కి పంపి ఊడ్చేయడం, అంతే. అంటే పట్టుకోవడం ఎంత ముఖ్యమో వదిలించడం అంతే ముఖ్యం. ప్యూరిటీ పడితే అందరూ పట్టుకునే సగాన్నే చూస్తారు. నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది వదిలించే సగం.

ఒక్కో టవర్‌కి మూడు అంకెలు రాయండి, కనీసం ఐదు చక్రాలకు: పట్టుకోవడం ముగిసేసరికి పీడనం, ఆ టవర్ గ్యాస్‌ని రెండోదానికి పంచి రెండూ సమమయ్యాక పీడనం, బయటికి వదలడం ముగిసేసరికి పీడనం. ఫీడ్ (లోపలికి వెళ్లే గాలి) 5 బార్ అనుకుంటే అవి సుమారు 5, 2.5, 0.1 ఉండాలి, అన్నీ గేజ్ లెక్కన. సమమయ్యాక ఒకటి 3.2, ఇంకొకటి 1.8 దగ్గర ఆగితే ఈక్వలైజింగ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడం లేదు, లేదా దానికిచ్చిన సెకన్లు చాలడం లేదు. చివరి అంకె 0.1 బదులు 0.5 ఉంటే చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ జియోలైట్ నైట్రోజన్‌ని పట్టే గీత తక్కువ పీడనాల దగ్గరే నిటారుగా ఉంటుంది. అక్కడ మిగిలే ప్రతి పాయింటూ పై పీడనంలో పోయిన దానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

అలా ఉంటే సైలెన్సర్ విప్పి, చెవులకు రక్షణ పెట్టుకుని, గాలి ఆడే చోట కొన్ని చక్రాలు నడపండి. పీడనం వెంటనే దిగితే దోషం దానిదే. విప్పిన సైలెన్సర్‌లో తెల్లటి పొడి నిండి ఉంటే మాత్రం సైలెన్సర్ మార్చి ఊరుకోకండి. టవర్ పైన ఖాళీ ఏర్పడి గింజలు ఎగిరి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గింజల్ని అదిమిపట్టే పై ప్లేటు, స్ప్రింగులు చూడాలి. ఆ పొడి వాల్వ్ సీట్లలో కూడా చేరి వాటిని లీకు చేస్తుంది.

వాల్వ్ లీకు పట్టడానికి: ఒక టవర్ పూర్తి పీడనంలో ఉండగా ప్లాంటు ఆపండి. దాని వాల్వ్‌లన్నీ మూసి ఉండాలి. మొదటి రెండు మూడు నిమిషాలు గేజ్ ఎలాగూ కదులుతుంది, లోపల గ్యాస్ సర్దుకుంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత పది నిమిషాలు గమనించి రెండో టవర్‌తో పోల్చండి. పైన రెండు టవర్ల మధ్య స్థిరమైన పర్జ్ ఆరిఫైస్ (ఊడ్చే గ్యాస్ వెళ్లే చిన్న రంధ్రం) ఉండే ప్లాంట్లు చాలా. దాన్ని మూయకుండా ఈ పరీక్ష చేస్తే లేని లీకు కనిపిస్తుంది. సైలెన్సర్ గొట్టం నుంచి ఒక ట్యూబు నీళ్ల బకెట్లో ముంచితే బుడగలు వస్తున్నాయో లేదో తెలుస్తుంది. బుడగలొస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. బుడగలు లేకుండా పక్క టవర్ పీడనం పెరుగుతుంటే ఈక్వలైజింగ్ వాల్వ్ గానీ ఫీడ్ వాల్వ్ గానీ. సీటు విప్పేముందు సోలనాయిడ్‌కి వచ్చే గాలి పీడనం చూడండి. అది తక్కువైతే మంచి వాల్వ్ కూడా నీరసంగా తెరుచుకుంటుంది. విప్పిన భాగాలకు మామూలు గ్రీజు మాత్రం పూయకండి. ఆక్సిజన్‌లో అది అంటుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు తేమ వంతు. 110 నార్మల్ క్యూబిక్ మీటర్ల గాలి 7 బార్ గేజ్‌లో, 40 డిగ్రీల దగ్గర తేమతో నిండి ఉంటే గంటకు సుమారు 800 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. గాలిని చల్లబరిచి తేమ తీసే డ్రయర్ దాన్ని నిజంగా 3 డిగ్రీలకు దించితే 80 గ్రాములు. పదింతల తేడా. అయితే డ్రయర్ మీద కనిపించే 3 చాలాసార్లు రిఫ్రిజెరంట్ వైపు ఉష్ణోగ్రత, గాలి డ్యూ పాయింట్ (తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కాదు. ఆటో డ్రెయిన్ ఇరుక్కుపోతే చల్లబడి కారిన నీరు బయటికి పోకుండా గాలితోపాటే ముందుకు కొట్టుకొస్తుంది, డిస్‌ప్లేలో మాత్రం అదే 3. డ్రెయిన్ టెస్ట్ బటన్ నొక్కి చూడటానికి ఐదు సెకన్లు పడుతుంది. సీవ్ మార్పించిన వాళ్లలో ఎందరు ముందు ఆ బటన్ నొక్కి చూశారో!

మిగిలిన 80 గ్రాములనూ టవర్ అడుగున ఉండే యాక్టివేటెడ్ అల్యూమినా పొర ప్రతి వంతులో పట్టి ప్రతి వంతులో వదిలేస్తుంది. ఇది అచ్చంగా స్కార్‌స్ట్రామ్ డ్రయరే. దాని శక్తికి మించితే నీరు పైనున్న జియోలైట్‌లోకి ఎక్కుతుంది. అక్కడినుంచి పీడనం దించినా దిగదు. 250 నుంచి 300 డిగ్రీల వేడి, పొడి గ్యాస్ కావాలి. టవర్లు, సీళ్లు దానికి తట్టుకోవు కాబట్టి లోపలే ఆరబెట్టే ఆలోచన వద్దు. కొద్దిగా తడిసిందైతే మూలం సరిచేసి, తక్కువ డ్రాతో, పర్జ్ పెంచి కొన్ని రోజులు నడిపితే కొంత కోలుకుంటుంది. నూనె తగిలిందైతే కోలుకోదు. గింజలు గోధుమరంగుకు తిరిగాయంటే అదే. కార్బన్ ఫిల్టర్ వేడి గాలిలో నూనెని సరిగా పట్టదు, కంప్రెసర్ గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్ ఫిన్లు దుమ్ముతో మూసుకుపోతే దాని ఫలితం ఇక్కడ తేలుతుంది.

సీవ్‌ని పరీక్షించడంలో జరిగే తప్పు: పై మూత తీసి పిడికెడు తీస్తారు, బాగానే ఉందంటారు. తేమ కింది నుంచి ఎక్కుతుంది. పైన ఉన్నది చివర చెడేది. కింది పోర్టు నుంచి తీయండి. ముందు పీడనం పూర్తిగా దించి, గాలి, కరెంటు రెండూ తాళం వేసి కట్టేయండి. మూత తీశాక తల లోపల పెట్టకండి, జియోలైట్ ఇంకా నైట్రోజన్ వదులుతూనే ఉంటుంది, ఊపిరాడటం లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. తీసిన గింజల్ని వెంటనే గాలి చొరని సీసాలో పెట్టాలి, లేకపోతే మీ గదిలో తేమనే కొలుస్తారు. 50 గ్రాములు 50 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి థర్మామీటరు పెట్టండి. సీలు తీయని కొత్త సీవ్‌తోనూ అదే చేయండి. కొత్తది భగ్గున వేడెక్కుతుంది. పాతది గోరువెచ్చగా ఆగిపోతే ఇప్పటికే నీళ్లు తాగి ఉంది. కచ్చితంగా కావాలంటే 10 గ్రాములు తూచి 350 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు ఉంచి మళ్లీ తూచండి. కొత్త సీవ్‌లో తరుగు 1.5 శాతం లోపు ఉంటుంది. 5 దాటితే మార్చక తప్పదు.

మార్చేటప్పుడు పాతది 13ఎక్స్ (సోడియం రకం జియోలైట్) అయితే దాని చోట లిథియం సీవ్ పోసి అవే టైమర్లతో నడపకండి. లిథియం రకం నైట్రోజన్‌ని ఎక్కువ పడుతుంది, నీటికి ఇంకా ఎక్కువ లొంగుతుంది. చక్రం, పర్జ్, డ్రయర్ అన్నీ దానికి తగ్గట్టు మార్చాలి. రెండూ కలిపి పోయడం అసలు కుదరదు. అల్యూమినా పొర కూడా మార్చండి, దాన్ని వదిలేసి పై సీవ్ ఒక్కటే మార్చడం సగం పని. డ్రమ్ములు ఒక్కొక్కటే తెరిచి, తెరిచిన వెంటనే పోసేయాలి. వాన పడే రోజు పెట్టుకోకండి. 13ఎక్స్ లీటరుకు సుమారు 0.65 కిలో తూగుతుంది. టవర్‌లో సీవ్ పట్టే ఘనపరిమాణం లెక్కేసి, పోసిన కిలోలతో సరిపోల్చండి. తక్కువ పట్టిందంటే గింజలు సర్దుకోలేదు. టవర్ గోడని రబ్బరు సుత్తితో తడుతూ నింపి, నాలుగైదు గంటలు నడిపాక మళ్లీ పీడనం దించి మూత తీయండి. సాధారణంగా కొంత దిగి ఉంటుంది, ఆ ఖాళీ పూడ్చాకే పై ప్లేటు బిగించాలి. ఆ రోజు ఆ మూడు పీడనాలూ రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఈసారి ప్యూరిటీ కదిలితే మీటరు కంటే ముందు అవే మారతాయి.