పాఠకుల ప్రశ్నలు: మూడు రోజుల సెలవుకి హైదరాబాద్

ప్రశ్న: శుక్రవారం సెలవు కలిసొచ్చి మూడు రోజులు దొరికాయి. పెళ్లయి ఏడాదైనా ఇద్దరం కలిసి హైదరాబాద్ సరిగ్గా చూసింది లేదు. శుక్రవారం పొద్దున్నే రైలు దిగుతాం, ఆదివారం రాత్రి రైలెక్కాలి. చార్మినార్, సాలార్‌జంగ్, చౌమహల్లా, గోల్కొండ, ట్యాంక్‌బండ్ చూడాలని, పాతబస్తీ తిండి తినాలని మా వారి కోరిక. ఏది ముందు, ఏది తర్వాత?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ జాబితా బాగానే ఉంది, చిక్కంతా వరసలోనే. రైలు దిగగానే చార్మినార్‌కి పరిగెత్తేవాళ్లే ఎక్కువ. మీరు దిగేది శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, కుతుబ్‌షాహీ సమాధులు మూడింటికీ శుక్రవారమే సెలవు. పైగా ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు కాబట్టి చార్మినార్ చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అందుకని శుక్రవారం కొత్త ఊరు, శనివారం పాతబస్తీ, ఆదివారం గోల్కొండ పెట్టుకోండి. రోజుకి ఒక దిక్కే. ఒకే రోజు గోల్కొండా చార్మినారూ చూడాలనుకుంటే సగం పొద్దు ఆటోలోనే గడిచిపోతుంది.

బస లక్డీకాపూల్, నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల చూసుకోండి. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో ఆ దారినే పోతుంది, అన్ని వైపులకూ సులువు.

శుక్రవారం: పొద్దున్నే నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం. 1976లో పూర్తయిన ఈ గుడికి దాదాపు 2,000 టన్నుల తెల్ల పాలరాయి వాడారు. ఎండ ముదిరాక ఆ నేల మీద వట్టి కాళ్లతో నిలబడలేరు, మధ్యాహ్నం గుడి మూస్తారు కూడా. లోపలికి ఫోను, కెమెరా రానివ్వరు. రెండు ఫోన్లూ ఒకే సంచిలో వేసి కింది కౌంటర్‌లో ఇస్తే ఒక్క టోకెన్‌తో పోతుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా లుంబినీ పార్కు చేరుకోండి. బుద్ధ విగ్రహం దగ్గరికి పడవలు అక్కడి నుంచే. సూర్యాస్తమయానికి వెళ్లాలని అందరూ ఆరింటికే వస్తారు, సెలవు రోజుల్లో ఆ క్యూలోనే చీకటి పడుతుంది. 58 అడుగుల ఆ ఏకశిలా విగ్రహాన్ని 1990లో తీసుకెళ్తుండగా బార్జి ఒరిగి అది హుస్సేన్‌సాగర్‌లో మునిగింది, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. నీళ్లలోంచి పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్ అయింది. రాత్రికి మొజంజాహీ మార్కెట్ వెళ్లండి. 1935 నాటి రాతి కట్టడం, దీపాల వెలుగులో చూడాలి. అక్కడి పండ్ల ఐస్‌క్రీం ఏ కాలంలో వస్తే ఆ కాలపు పండుదే అడగండి: ఎండాకాలంలో మామిడి, దసరా రోజుల్లో సీతాఫలం.

శనివారం మీ ప్రయాణానికి గుండెకాయ. ఇక్కడ తిండికి వేళలున్నాయి. నహారీ అనే మాంసం పులుసు రాత్రంతా సన్నని మంట మీద ఉడికి తెల్లవారుజామున దిగుతుంది. పొద్దున తొమ్మిది దాటాక వెళ్తే గిన్నె అడుగు మిగులుతుంది, అది ఉప్పగా, మరీ చిక్కగా ఉంటుంది. కాబట్టి ఏడింటికల్లా మదీనా–చార్మినార్ దారిలో ఉండండి. ఒక నహారీ, రెండు కుల్చాలు ఇద్దరికీ చాలు. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851 నాటిది. తందూరు గోడకు అతికించి కాల్చే నలుచదరపు నాన్, చార్ కోనీ నాన్, వేడివేడిగా చేతికిస్తారు. చల్లారితే తోలులా సాగుతుంది, అక్కడే తుంచి తినాలి.

తొమ్మిదికి తెరవగానే చార్మినార్ ఎక్కండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. మినారులో మొత్తం 149 మెట్లున్నా సందర్శకులను మొదటి అంతస్తు వరకే అనుమతిస్తారు. మెట్లు చుట్లు తిరుగుతూ ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. రద్దీలో దిగేవాళ్ల కోసం ఎక్కేవాళ్లు గోడకు అతుక్కుని నిలబడాల్సి వస్తుంది. చీరకట్టుకంటే చుడీదార్ నయం, భుజానికి పెద్ద సంచీ వద్దు. దిగాక పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్. డికాక్షన్ మూతపెట్టిన గిన్నెలో గంటల తరబడి మగ్గుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి, రెండూ కలిసేది కప్పులోనే. డికాక్షన్ వగరు మీకు పడకపోతే ‘పౌనా’ అనండి, పాలు ఎక్కువ పోస్తారు. ఉస్మానియా బిస్కెట్ ఒక్కసారి ముంచి తీసేయాలి, ఆగితే కప్పు అడుక్కి చేరుతుంది.

లాడ్ బజార్ దుకాణాలు పదకొండుకి గానీ పూర్తిగా తెరుచుకోవు. ఆ దారినే నడిచి చౌమహల్లా చేరండి, కొనుగోళ్లు సాయంత్రానికి ఉంచండి. దర్బారు హాలులో 19 బెల్జియం షాండిలియర్లు, గ్యారేజీలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉన్నాయి. గంటన్నర చాలు. పన్నెండున్నరకల్లా భోజనానికి కూర్చోవాలి (బిర్యానీ సంగతి కింద వేరే ప్రశ్నలో చెప్పాం). తర్వాత మూసీ ఒడ్డున సాలార్‌జంగ్.

ఆ మ్యూజియంలో అన్ని గదులూ చూడాలనుకుంటే రెండు రోజులైనా చాలదు. మేమైతే మూడే చెప్తాం. ముసుగులోంచి ముఖం కనిపించే రెబెక్కా: 1876లో బెంజోనీ చెక్కిన పాలరాయి, పక్కకు వచ్చి వెలుతురు ఏటవాలుగా పడే చోటు నుంచి చూడండి. ఒక వైపు మెఫిస్టోఫిలీస్, రెండో వైపు మార్గరెట్టా ఉన్న జంట కొయ్యబొమ్మ: వెనక అద్దం ఉంది, ఎదురుగా నిలబడితే ఇద్దరూ కనిపిస్తారు. మూడోది సంగీత గడియారం. గంట కొట్టడానికి కాస్త ముందే చిన్న బొమ్మ బయటికొస్తుంది. సరిగ్గా గంటకి వెళ్తే జనం తలలే కనిపిస్తాయి, పావుగంట ముందే కూర్చోండి. మ్యూజియం అయ్యాక లాడ్ బజార్‌కి తిరిగి రండి, దీపాలు వెలిగాక గాజుల తళుకు వేరు.

ఆదివారం గోల్కొండ గేటు తొమ్మిదికి తెరవగానే లోపల ఉండాలి, రెండు కారణాలకి. ఒకటి ఎండ: పైకి 360కి పైగా మెట్లున్నాయి. రెండోది చప్పట్లు. ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి మంటపంలో వినిపించేలా కట్టారు. పదకొండు దాటాక వందమంది ఒకేసారి చప్పట్లు కొడతారు, పైన ఎవరిది ఎవరిదో తెలీదు. పొద్దున్నే అయితే ఒకరు పైకెళ్లి వినొచ్చు, ఒకరు కింద కొట్టొచ్చు. భద్రాద్రి గుడి కట్టించిన కంచెర్ల గోపన్న ఖైదు అనుభవించిన గదీ ఇక్కడే. మీరొచ్చేది ఆషాఢంలో అయితే ఆదివారాలు, గురువారాలు కోట మీద బోనాలు. బోనాల కోసమే రావాలనుకుంటే సరే, కోట తీరిగ్గా చూడాలనుకుంటే ఆ రోజులు వద్దు. ఎండలో అలసిపోయాక కుతుబ్‌షాహీ సమాధులు హాయి. ఆటోలో ఐదు పది నిమిషాలే, గుమ్మటాల కింద చల్లగా ఉంటుంది. ఆ వంశపు ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని అతణ్ని దౌలతాబాద్‌కి తరలించాడు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. మధ్యాహ్నానికి టోలీచౌకీలో మండీ (మాంసంతో వండే అరబ్బీ అన్నం) తినండి, ఒకే పళ్లెంలో ఇద్దరూ. బిర్యానీ కన్నా మసాలా తక్కువ, రాత్రి ప్రయాణానికి కడుపు బరువెక్కదు. రైలుకి ముందు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల వరస ఒక గంటకి బాగుంటుంది.

ప్రశ్న: పేరున్న చోట బిర్యానీ ఆర్డరిస్తే పైన వట్టి తెల్లన్నం, అడుగున మసాలా. కలపకుండా ఇస్తారెందుకు? ఏ వేళకి వెళ్తే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది లోపం కాదు, కచ్చీ బిర్యానీ వండే పద్ధతే అంత. పెరుగు, పచ్చి బొప్పాయి ముద్ద, వేయించిన ఉల్లి, మసాలాల్లో నానిన పచ్చి మాంసం హండీ అడుగున ఉంటుంది, ముప్పావు వంతు ఉడికిన బియ్యం పైన. మూతకు పిండి అతికించి దమ్ చేస్తారు. అన్నం ముందే ఎక్కువ ఉడికితే, మాంసం ఉడికేలోపు మెతుకు ముద్దవుతుంది. కలిపితే మెతుకు విరుగుతుంది. అందుకే వడ్డించేవాళ్లు అంచు నుంచి నిలువునా కోసినట్టు తీస్తారు. మీరు కూడా పళ్లెంలో పక్క నుంచి కొంచెం కొంచెం కలుపుకోండి.

వేళ అంటే మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటి గంట. కొత్త డేగ్ (బిర్యానీ వండే పెద్ద గిన్నె) తెరిచే సమయం. రాత్రి పదకొండు దాటాక అడుగున ఎండిపోయిన ముక్క, పైన నూనె మిగులుతాయి. సింగిల్ అనేదే చాలా చోట్ల ఇద్దరికి సరిపోతుంది. ముందు ఒకటే చెప్పండి, చాలకపోతే ఇంకొకటి. ఒక్కొక్కరికీ ఒక్కో బిర్యానీ తెప్పించుకుని డబుల్ కా మీఠా (బ్రెడ్డుతో చేసే తీపి) తినలేకపోయిన జంటలే ఎక్కువ. పార్శిల్ కట్టించుకుని రైల్లో పది గంటలు మోయడం మాత్రం వద్దే వద్దు. గాలాడని డబ్బాలో గోరువెచ్చగా ఉన్న అన్నం, మాంసం రెండూ తొందరగా చెడతాయి, వాసనలో తెలియకపోవచ్చు కూడా. కొన్న రెండు గంటల్లో తినేయండి.

ప్రశ్న: మా ఆయన మాంసాహారి, నేను ముట్టను. పాతబస్తీలో నాకేం దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పస్తుండక్కర్లేదు. పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోసె, తవా ఇడ్లీ. మధ్యాహ్నం బగారా అన్నం, బగారా బైంగన్. పల్లీ, నువ్వు, కొబ్బరి నూరి, చింతపండు పులుసుతో చేసే వంకాయ అది, గుత్తివంకాయ ఇష్టమైనవాళ్లకి తప్పకుండా నచ్చుతుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్క చోట. బిర్యానీతో గిన్నెలో వచ్చేది మిర్చీ కా సాలనా, షేర్వానా అని అడగండి. సాలన్ పల్లీ, నువ్వులతో చేసేది, షేర్వా మాంసం పులుసు. రంగు చూసి పోల్చలేరు. అదే గరిటె రెండింట్లోనూ తిప్పే చోట అసలు తీసుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: జనవరిలో వస్తున్నాం, హలీం దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఏ ఏడైనా రంజాన్ నెల ఎప్పుడొస్తుందో చూసుకుని రండి. గోధుమ, మాంసం, నెయ్యి గంటల తరబడి ఉడికించి కర్రలతో దంచే వంట ఇది. భట్టీలు ఆ నెలలోనే వెలుగుతాయి. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిగతా నెలల్లో కొన్ని హోటళ్లు అమ్ముతాయి గానీ, ఆ రుచి కోసమే ప్రయాణం పెట్టుకోవద్దు.

ప్రశ్న: లాడ్ బజార్‌లో లక్క గాజులు, పత్థర్‌గట్టీలో ముత్యాలు కొనాలి. మోసపోకుండా ఎలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గాజులకు ముందు కొలత. లక్క గాజు వంగదు, సాగదు. 2-4 అంటే రెండుంపావు అంగుళాల లోపలి వ్యాసం, 2-6 అంటే దాదాపు 60 మిల్లీమీటర్లు, 2-8 అంటే రెండున్నర అంగుళాలు. ఇంట్లో సరిపోయే గాజు ఒకటి వెంట తెచ్చుకుంటే గొడవే లేదు. రాళ్ల మీద వేలు పోనివ్వండి. ఏ రాయైనా కదిలితే ఆ జత వదిలేయండి. వీలుంటే మీ ఎదుటే చేసే దుకాణంలో కొనండి. నిప్పు సెగకు లక్క మెత్తబడగానే రాళ్లు అద్దుతారు. అదే కారణంగా ఎండలో ఆగిన కారులో ఈ గాజులు వదిలేస్తే వంకరపోతాయి, రాళ్లు ఊడతాయి.

ముత్యాలు హైదరాబాద్‌లో పండవు. వాటిని ఏరడం, తొలవడం, గుచ్చడం ఇక్కడి పనితనం. ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం మంచినీటి సాగు ముత్యాలు. రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రాయండి: అసలువి ఇసుక తగిలినట్టు గరగరమంటాయి, గాజువి, ప్లాస్టిక్‌వి జారిపోతాయి. వరసంతా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండి ధర తక్కువ చెప్తే అనుమానించండి. మంచి దండలో ప్రతి ముత్యానికీ మధ్య దారం ముడి ఉంటుంది, తెగినా ఒక్కటే రాలుతుంది. బిల్లు మీద ‘సాగు ముత్యాలు’ అని రాయించుకోండి.

ప్రశ్న: ఆదివారం గది ఖాళీ చేశాక రాత్రి రైలు దాకా సామాను ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ముందు బస చేసిన చోట అడగండి, కుదరకపోతే స్టేషన్ క్లోక్‌రూం. సంచికి తాళం లేకపోతే తీసుకోరు, టికెట్టు చూపించాలి. అంతకన్నా ముఖ్యం, మీ రైలు ఏ స్టేషన్ నుంచో టికెట్టు మీద మళ్లీ చూసుకోండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి అన్నీ వేర్వేరు మూలలు. చర్లపల్లికి మెట్రో లేదు, నగరం నడిబొడ్డు నుంచి గంటన్నర ముందు బయల్దేరండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో తిన్న ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ పండ్ల తీపి) ఇంట్లో చేస్తే పండు గట్టిగా, పాకం నీళ్లగా వచ్చింది. ఎక్కడ తప్పు?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: పంచదార తొందరగా వేసి ఉంటారు. పావుకిలో ఎండు ఖుబానీ కడిగి, మూడు కప్పుల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున గింజలు తీసి, ఆ నీళ్లతోనే సన్నని సెగ మీద ఇరవై, ముప్పై నిమిషాలు, గరిటెతో నొక్కితే చిదిగేదాకా ఉడికించండి. అప్పుడే 100 గ్రాముల పంచదార. ముందే వేస్తే పండు గట్టిపడి ఇక మెత్తబడదు. సగం పండ్లు చిదిపి, సగం అలాగే ఉంచి, ఇంకో పది నిమిషాలు ఉడికిస్తే పాకం దానంతటదే చిక్కబడుతుంది. గింజలు పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. ఒక్కొక్కటీ కొరికి చూడండి, చేదుగా ఉన్నది పారేయండి, అది ఒంటికి మంచిది కాదు. తియ్యటివి పైన చల్లి, చల్లారాక మీగడతో తినండి.