సరిహద్దు స్మారకాలను తీర్చిదిద్దే పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: బీఏ (హిస్టరీ, టూరిజం) చివరి ఏడాది చదువుతున్నాను. కాలేజీ టూర్‌లో అమృత్‌సర్ వెళ్లినప్పుడు ఫిరోజ్‌పూర్ దగ్గర పాకిస్తాన్ సరిహద్దులో ఉన్న హుస్సేనీవాలా కూడా చూశాం. భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల స్మారకం ముందు మాలో చాలామంది ఫొటోలు దిగి, సాయంత్రం పరేడ్ చూసి వచ్చేశారు. ఆ చోటు గొప్పతనం ఏమిటో వాళ్లకు చెప్పేవాళ్లే లేరు. ఇలాంటి చోట్లను సందర్శకుల కోసం తీర్చిదిద్దే పని చేయాలని ఉంది. ఏ కోర్సు చేయాలి? టూరిజం అంటే గైడ్ ఉద్యోగమేగా, బీఈడీ చెయ్యి అంటున్నారు ఇంట్లో.
- ఒక విద్యార్థిని

జవాబు: స్మారకం చూసి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ ఏం లోపించిందో గమనించి వచ్చినవాళ్లు తక్కువ. మీరు గమనించారు కాబట్టి ఈ ఆలోచనను తేలిగ్గా వదిలేయకండి. అయితే ఈ పనికంటూ విడిగా ఒక డిగ్రీ లేదు. ఒక స్మారకం వెనుక ఆర్కిటెక్టు, ఎగ్జిబిషన్ డిజైనర్, చరిత్ర పరిశోధకులు, రోజువారీ నిర్వహణ చూసే మేనేజర్, గైడ్ ఇలా చాలామంది పని చేస్తారు. వీటిలో మీది ఏదో ముందు తేల్చుకోవాలి.

హుస్సేనీవాలానే తీసుకుందాం. అక్కడికి వచ్చినవాళ్లకు మొదట రావాల్సిన సందేహం, లాహోర్‌లో ఉరి తీస్తే స్మారకం ఇక్కడెందుకు ఉందని. దానికి జవాబిచ్చే బోర్డు ఒకటి మీరు రాయాలనుకోండి. జనం నిలబడి చదివేది అర నిమిషమే. నేనైతే ఇలా రాస్తాను: "1931 మార్చి 23 సాయంత్రం లాహోర్ జైల్లో ముగ్గురినీ ఉరి తీశారు. జనం తిరగబడతారన్న భయంతో రాత్రికి రాత్రే గుట్టుగా ఈ సట్లెజ్ ఒడ్డుకు తెచ్చి దహనం చేశారు. దేశ విభజనలో ఈ నేల పాకిస్తాన్‌కు పోయింది. 1961లో 12 ఊళ్లు ఇచ్చి భారత్ దీన్ని తిరిగి తీసుకుంది." ఇది చదివినవాళ్లు కాళ్ల కింది మట్టిని చూసే తీరే మారిపోతుంది. భగత్ సింగ్‌తో కలిసి అసెంబ్లీలో బాంబు విసిరిన, 1965లో చనిపోయిన బటుకేశ్వర్ దత్‌ను ఆయన కోరిక మేరకు ఇక్కడే దహనం చేశారనీ, 1971 యుద్ధంలో పాక్ సైనికులు విగ్రహాలను ఎత్తుకెళ్లారనీ, 1973లో స్మారకాన్ని మళ్లీ నిలబెట్టారనీ పక్క బోర్డుల్లో చెప్పొచ్చు. ఆ నాలుగు వాక్యాల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ప్రతి తేదీకీ ఆధారం ఎక్కడుంది అని చూడటమే ఒక వృత్తి. దీన్ని ఇంటర్‌ప్రిటేషన్ అంటారు. మీ ఉత్తరం చదివితే మీ మనసు ఇటువైపే ఉందనిపిస్తోంది.

ఇక పని ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. సాధారణంగా రాష్ట్ర పర్యాటక శాఖ ముందుకొస్తుంది. డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, ఒక కన్సల్టెన్సీ చేత రాయిస్తుంది. స్వదేశ్ దర్శన్ లాంటి పథకాల కింద కేంద్రం నిధులిస్తుంది. ఆ తర్వాత టెండర్లు. మామూలు కోటకో గుడికో ఇంతే. సరిహద్దులో మాత్రం అక్కడ కాపలా కాసే బీఎస్ఎఫ్‌నో సైన్యాన్నో అడగకుండా ఒక బెంచీ కూడా వేయలేరు. ఎక్కడిదాకా జనాన్ని రానివ్వాలి, ఎక్కడ ఫొటో తీయకూడదు, చీకటి పడ్డాక ఎలా పంపించాలి అన్నవి వాళ్లు చెబుతారు. పరేడ్ సాయంత్రం కాబట్టి జనమంతా ఆ రెండు మూడు గంటల్లోనే వచ్చిపడతారు. పార్కింగ్, మరుగుదొడ్లు, నీడ, తాగునీరు ఆ రద్దీకి సరిపోవాలి. మిగతా పగలంతా ఖాళీ. అందుకే ఫిరోజ్‌పూర్‌లోని 1897 సారాగఢీ యుద్ధంలో చనిపోయిన సిక్కు సైనికుల స్మారక గురుద్వారా, 1845లో సిక్కులకూ ఆంగ్లేయులకూ యుద్ధం జరిగిన ఫిరోజ్‌షా కలిపి ఒక సర్క్యూట్‌గా చూపిస్తే మనిషి ఒక రాత్రి అక్కడ ఆగుతాడు. ఆగితేనే ఆ ఊరికి నాలుగు డబ్బులు.

ఊరివాళ్ల సంగతి డీపీఆర్‌లలో చివరి పేజీకి పోతుంటుంది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. పంజాబ్ సరిహద్దులో కంచెకు అవతల పొలాలున్న రైతులు ఈ రోజుకీ బీఎస్ఎఫ్ గేటు తెరిచిన వేళల్లోనే, పాస్ చూపించి వెళ్లి సాగు చేసుకోవాలి. యుద్ధాల్లో ఇళ్లు వదిలి వెళ్లినవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రికార్డు చేయడం, వాళ్ల పిల్లలను గైడ్లుగా తయారు చేయడం స్మారకం పనిలో భాగమే. సరిహద్దు పల్లెల కోసం కేంద్రం 2023లో వైబ్రెంట్ విలేజెస్ కార్యక్రమానికి 4,800 కోట్ల రూపాయలు మంజూరు చేసింది, అది ఉత్తర సరిహద్దుకు. 2025లో రెండో దశకు 6,839 కోట్లు ఇచ్చింది, ఇందులో పంజాబ్ కూడా ఉంది.

కోర్సుల విషయానికొస్తే, కట్టడాల పరిరక్షణలో ఎం.ఆర్క్ చేయాలంటే బీఆర్క్ ఉండాలి, కాబట్టి ఆ దారి మీకు లేదు. ఎగ్జిబిషన్ డిజైన్‌కు అహ్మదాబాద్ ఎన్ఐడీకి పేరుంది, కానీ బొమ్మ గీయడం మీద గట్టి ఆసక్తి ఉంటేనే అటు చూడండి. మీకు మిగిలేవి రెండు. ఒకటి టూరిజం ఎంబీఏ: కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎంకు నెల్లూరులో క్యాంపస్ ఉంది, ఏ డిగ్రీ ఉన్నా దరఖాస్తు చేయొచ్చు. రెండోది మ్యూజియాలజీలో, అంటే మ్యూజియంల నిర్వహణ, ప్రదర్శనల చదువులో, పీజీ: వడోదరలోని ఎంఎస్ యూనివర్సిటీలో, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో ఉంది. ఎంబీఏ చేస్తే టూర్ కంపెనీలు, హోటళ్లు, పర్యాటక సంస్థల్లో ఉద్యోగాలు త్వరగా దొరుకుతాయి, కానీ ఆ బోర్డు రాసే పనికి దూరమయ్యే అవకాశం ఎక్కువ. నా ఓటు మ్యూజియాలజీకే. మ్యూజియం డిజైన్ చేసే సంస్థలు, పర్యాటక కన్సల్టెన్సీలు కంటెంట్ పరిశోధకులను తీసుకుంటాయి. మొదట్లో జీతం తక్కువే, చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలం కాంట్రాక్టే. ఈ మాట ఇంట్లో దాచకుండా చెప్పండి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగాక అటారీ, హుస్సేనీవాలాల్లో రిట్రీట్ పరేడ్‌ను కుదించారు. మే నెలలో కొన్నాళ్లు జనాన్నే రానివ్వలేదు. సరిహద్దు పర్యాటకం మీదే ఆధారపడినవాళ్లకు ఇలాంటి రోజులు తప్పవు. అందుకే సరిహద్దులకే పరిమితం కాకుండా అన్ని రకాల స్మారకాలకూ పనికొచ్చేలా తయారవ్వండి. అవకాశాలు పెరుగుతున్న మాట మాత్రం నిజం. 2025 జనవరిలో మొదలైన భారత్ రణభూమి దర్శన్ కింద 77 యుద్ధ స్థలాలను సందర్శకులకు తెరుస్తున్నారు. లోంగేవాలా, కార్గిల్, రెజాంగ్ లా... అన్నిటికీ కథ చెప్పేవాళ్లు కావాలి.

పరీక్షలయ్యేలోగా ఒక పని చేయండి. విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం, దాని దగ్గర్లోనే కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉన్నాయి. రెండు రోజులు అక్కడ గడపండి. కుర్సురలో నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే లోపల తిప్పి చూపిస్తారు. ఇరుకు దారిలో గుంపును ఎలా నడిపిస్తున్నారు, పిల్లలు ఎక్కడ ఆగి ప్రశ్నలు అడుగుతున్నారు, ఏ బోర్డు ఎవరూ చదవడం లేదు అన్నవి రాసుకోండి. తర్వాత విక్టరీ ఎట్ సీకి మీ సొంతంగా ఐదారు బోర్డులు తెలుగులో, ఇంగ్లిష్‌లో, హిందీలో రాయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ఆ కాగితాలే ముందు చూస్తారు. హిందీ బలహీనంగా ఉంటే ఈ ఏడాదే సరిచేసుకోండి. ఉత్తరాదిన పని చేయాలంటే అది లేకుండా కుదరదు.

గైడ్ ఉద్యోగం చిన్నదని ఇంట్లో అనుకోవడం సరికాదు. పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో నడిపే ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ శిక్షణ డిగ్రీ చదువుతూనే పూర్తి చేయొచ్చు. సెలవుల్లో నలుగురిని తిప్పి చూపిస్తే జనం దేనికి చెవి ఒగ్గుతారో మీకే తెలుస్తుంది. బీఈడీ విషయంలో టెన్షన్ పడకండి, పీజీ తర్వాత కూడా చేసుకోవచ్చు. మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్ సబ్జెక్టులో యూజీసీ నెట్ ఉంది, కాబట్టి అధ్యాపకురాలయ్యే దారి ఇటువైపూ తెరిచే ఉంటుంది. అమ్మానాన్నలతో ముందు ఈ సంగతి మాట్లాడండి, తర్వాత వడోదర, నోయిడా అడ్మిషన్ నోటిఫికేషన్లు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే చదవండి.