సూపర్‌బౌల్ 49 ఆఖరి పాస్: క్యారల్‌ని తిట్టే ముందు గడియారం లెక్క చూడండి

ప్రశ్న: "సియాటిల్ దగ్గర బెల్వ్యూలో ఉంటాను. 2015 సూపర్‌బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) గోల్‌లైన్‌కి ఒక్క యార్డ్ దూరంలో ఉండి కూడా, పరుగెత్తే ఆటగాడు మార్షాన్ లించ్‌కి బంతి ఇవ్వకుండా పాస్ వేయించి మ్యాచ్ పోగొట్టాడని అప్పటి సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ క్యారల్‌ని మా ఆఫీసులో ఇప్పటికీ తిడుతుంటారు. నిజంగా అంత తెలివితక్కువ నిర్ణయమా? తప్పు కోచ్‌దా, బంతి విసిరిన క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌దా?"

పాస్ వేయాలనుకున్నంత వరకు క్యారల్‌ని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఏ పాస్, ఎవరికి అన్న దగ్గర మాత్రం వాళ్ళు దొరికిపోతారు. దానికంటే ముందు గడియారాన్ని ఊరికే పరిగెత్తనిచ్చారు చూడండి, ఆ సంగతి మీ ఆఫీసులో ఎవరూ ఎత్తి ఉండరు. మీరు పట్టుకోవాల్సింది దాన్నే.

ముందు పరిస్థితి చూద్దాం. 2015 ఫిబ్రవరి 1, అరిజోనాలోని గ్లెండేల్. పేట్రియట్స్ 28, సీహాక్స్ 24. నాలుగు పాయింట్ల తేడా కాబట్టి మూడు పాయింట్ల ఫీల్డ్‌గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) కొట్టినా లాభం లేదు, ఆరు పాయింట్ల టచ్‌డౌన్ (బంతిని గోల్‌లైన్ దాటించడం) పడాల్సిందే. సియాటిల్ రిసీవర్ (పాస్ పట్టే ఆటగాడు) జర్మెయిన్ కర్స్ కింద పడి, కాళ్ళ మీదా చేతుల మీదా ఎగిరిన బంతిని ఎలాగో ఒడిసి పట్టుకోవడంతో సియాటిల్ 5 యార్డ్ లైన్‌కి చేరింది. ఫస్ట్ డౌన్‌లో (డౌన్ అంటే ఒక ప్రయత్నం, నాలుగే ఉంటాయి) లించ్ 4 యార్డ్లు తోసుకుపోయాడు, పేట్రియట్స్ డిఫెండర్ డాంటా హైటవర్ ఒక్క యార్డ్ ముందు పడగొట్టాడు. అప్పటికి గడియారంలో సుమారు ఒక నిమిషం ఉంది. తర్వాతి స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) 26 సెకన్ల దగ్గర పడింది. సియాటిల్ చేతిలో మూడు డౌన్లు, గడియారాన్ని ఆపుకునే టైమ్‌అవుట్ ఒకే ఒక్కటి.

క్రికెట్‌లో ఆఖరి ఓవర్లో మూడు బంతులు మిగిలితే మూడూ పడి తీరతాయి. ఇక్కడ మూడు డౌన్లు మిగిలాయంటే మూడూ ఆడగలరని కాదు, టైమ్ కూడా మిగలాలి. పాస్ కింద పడితే గడియారం దానంతట అదే ఆగుతుంది. పరుగెత్తినవాణ్ణి మైదానం లోపల పడగొడితే అది నడుస్తూనే ఉంటుంది. గోల్‌లైన్ దగ్గర పడగొట్టడమంటే ఒక మనిషి మీద పది మంది గుట్టగా పడటమే. కిందున్నవాళ్ళని లేవనివ్వకుండా డిఫెన్స్‌వాళ్ళు నింపాదిగా లేస్తారు, రెఫరీ వాళ్ళని విడదీయాలి, బంతిని చోటుకి చేర్చాలి. అలాంటి గుట్ట విడి, మళ్ళీ లైన్ కట్టి స్నాప్ వేయడానికి పది, పన్నెండు సెకన్లు అలవోకగా పోతాయి.

ఇప్పుడు 26 సెకన్లతో లెక్క వేయండి. సెకండ్ డౌన్‌లో లించ్ పరుగెత్తి ఆగిపోయాడనుకోండి. ఆటకి అయిదారు సెకన్లు, అంటే 20 దగ్గర టైమ్‌అవుట్ తీసుకోవాలి, ఉన్నదొక్కటీ ఖర్చు. థర్డ్ డౌన్‌లో మళ్ళీ పరుగెత్తి ఆగితే 14, 15 సెకన్లు మిగులుతాయి. ఆపడానికి టైమ్‌అవుట్ లేదు, గుట్ట విడిపోదు. ఫోర్త్ డౌన్ దక్కితే దక్కినట్టు, లేకపోతే లేనట్టు. దక్కినా హడావిడిగా లైన్ కట్టి ఏదో ఒకటి ఆడాల్సిందే, మనుషుల్ని మార్చుకునే వీలుండదు.

పాస్‌తో మొదలుపెడితే? బంతి కింద పడితే సుమారు 22 దగ్గర గడియారం ఆగుతుంది, టైమ్‌అవుట్ చేతిలోనే ఉంటుంది. థర్డ్ డౌన్‌లో లించ్, ఆగితే టైమ్‌అవుట్, ఫోర్త్ డౌన్‌లో మళ్ళీ లించ్. మూడు ఆటలూ గ్యారంటీ, చివరి రెండిట్లో పరుగా పాసా అన్నది చివరిదాకా వాళ్ళిష్టం. 26 సెకన్ల దగ్గర ఈ వరస తప్పని రుజువు చేయడం కష్టం. మూడింట్లో ఒకటి ఎలాగూ పాస్ అయి తీరాలి. అది మొదటిదైతేనే డిఫెన్స్‌కి తర్వాత ఏం వస్తుందో అంతుపట్టదు. థర్డ్ డౌన్‌దాకా ఆగి వేస్తే పాసే వస్తుందని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

"లించ్‌కి ఇస్తే పక్కా టచ్‌డౌన్" అనేవాళ్ళకి రెండు సంగతులు చెప్పండి. ఆ రోజు లించ్ 24 పరుగుల్లో 102 యార్డ్లు తీశాడు, బ్రహ్మాండంగా ఆడాడు, కాదనడం లేదు. కానీ అదే మ్యాచ్ మూడో క్వార్టర్‌లో థర్డ్ డౌన్, ఒక్క యార్డ్ కావాల్సినప్పుడు బంతి ఇస్తే రాబ్ నింకొవిచ్ దగ్గర ఆగిపోయాడు. సియాటిల్ 27 యార్డ్ల ఫీల్డ్‌గోల్‌తో సరిపెట్టుకుంది. ఇక ఆ సీజన్లో 1 యార్డ్ లైన్ నుంచి లించ్‌కి అయిదు సార్లు బంతి ఇస్తే ఒక్కసారే లోపలికి వెళ్ళాడు. అయిదు అంటే మరీ చిన్న లెక్క, దాని మీద మేడ కట్టకండి. అయినా "పక్కా" అన్న మాటకి మాత్రం ఆ లెక్క చాలు.

ఇంకోటి, ఎదుట ఎవరు నిలబడ్డారో చూడాలి. అప్పటి పేట్రియట్స్ కోచ్ బెలిచిక్ ముగ్గురు కార్నర్‌బ్యాక్‌లతో (రిసీవర్లని కాపలా కాసే డిఫెండర్లు) గోల్‌లైన్ దళాన్ని దింపాడు. కార్నర్లు ముగ్గురూ పోను మిగిలింది ఎనిమిది మంది. సియాటిల్ వైపు ముగ్గురు రిసీవర్లు, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్ ఒకడు. లైన్‌లోని అయిదుగురినీ టైట్ ఎండ్‌నీ కలిపినా లించ్‌కి దారి తీయడానికి ఆరుగురే. ఆరుగురు ఎనిమిది మందిని తోయాలి. బయట మాత్రం ఒకరికి ఒకరు, వెనక కాపలా లేదు. బొమ్మ చూసిన ఏ కోచ్‌కైనా పాసే తోస్తుంది.

అక్కడివరకు సరే. ఇక ఆ పాస్ సంగతి. ఇక్కడ నాకు క్యారల్ మీదా, అప్పటి అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడిలో ఏ ఆట ఆడాలో చెప్పే కోచ్) డారెల్ బెవెల్ మీదా జాలి లేదు.

కుడివైపు ఇద్దరు రిసీవర్లని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టారు: ముందు కర్స్, వెనక రికార్డో లాకెట్. కర్స్ పని బంతి పట్టుకోవడం కాదు. ఎదురుగా ఉన్నవాణ్ణి వెనక్కి నెట్టుకుపోయి, లోపలున్న రెండోవాడి దారికి అడ్డం పడేలా చేయాలి. ఆ సందులో లాకెట్ లోపలికి కోసుకొస్తాడు, విల్సన్ బంతి వదులుతాడు. రెండడుగుల తేడా వస్తే చాలు, టచ్‌డౌన్. మామూలుగా బాగా పనిచేసే ఆటే.

పనిచేయాలంటే ముందువాడు కదలాలి. ఎదురుగా ఉన్నది బ్రాండన్ బ్రౌనర్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, లీగ్‌లో కార్నర్లందరిలో అంత బరువైనవాళ్ళు అరుదు. పైగా అంతకుముందు సీజన్ దాకా సీహాక్స్‌లోనే ఆడినవాడు, ఈ ఆట అతనికి కొట్టినపిండి. ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడగానే ముందువాణ్ణి తాను కట్టేస్తానని, వెనకవాణ్ణి చూసుకోమని మాల్కమ్ బట్లర్‌కి చెప్పేశాడు. స్నాప్ పడగానే కర్స్‌ని ఉన్నచోటే నిలేశాడు. కర్స్ ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాడు. ఇక అడ్డం పడేదెవరు? ఎండ్‌జోన్ (గోల్‌లైన్ అవతలి భాగం) లోపల నిలబడ్డ బట్లర్‌కి బంతి దాకా తిన్నని దారి దొరికింది.

బట్లర్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని జట్లు ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోని కుర్రాడు, అది అతని మొదటి సీజన్. ఆ వారం ప్రాక్టీసులో ఇదే ఆటకి దెబ్బతిన్నాడు, రిసీవర్ జాష్ బాయిస్ అతన్ని దాటిపోయి టచ్‌డౌన్ పట్టాడు. అందుకే ఈసారి అడ్డం పడేవాడి చుట్టూ తిరగలేదు. విల్సన్ చేయి లేవకముందే ఉరికాడు. గడియారంలో 20 సెకన్లుండగా బంతి అతని చేతిలో ఉంది.

అసలు ఆక్షేపణ ఇది: మూడు ఆటల్లో మొదటిది పాస్ అనుకున్నప్పుడు, పోతే కింద పడే పాస్ ఎంచుకోవాలి. లోపలికి కోసే స్లాంట్ అలాంటిది కాదు. జనం మధ్యలోకి, నడుం ఎత్తుకు పైన, సూటిగా వేగంగా పోయే బంతి అది. తగిలితే పైకి లేస్తుంది, లేదా ఎవరో ఒకరు పట్టేస్తారు. దీనికి బదులు ఎండ్‌జోన్ మూలకి ఎత్తుగా వేస్తే మనవాడికో, లేకపోతే గీత బయటకో పోతుంది. లించ్‌కి ఇచ్చినట్టు నటించి విల్సన్‌ని పక్కకి పరుగెత్తించడం అన్నిటికంటే నయం. ఆ సీజన్లో విల్సన్ కాళ్ళతోనే 849 యార్డ్లు తీశాడు. దారి దొరికితే దూరిపోతాడు, దొరక్కపోతే ప్రేక్షకుల్లోకి విసిరేస్తాడు, గడియారం ఎలాగూ ఆగుతుంది. లాకెట్‌ని ఎంచుకోవడం కూడా సర్దుకునే సంగతి కాదు. మంచి ఆటగాడే, కానీ అతని ప్రధానమైన పని స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే ఆటల్లో దిగే దళం). ఒంటితో కార్నర్‌ని అడ్డుకుని బంతి లాక్కోవాల్సిన చోట మరో రిసీవర్ డగ్ బాల్డ్విన్‌ని అవతలి వైపు వదిలేశారు.

విల్సన్ తప్పు ఎంత? కొంచెం. బంతి లాకెట్ ఛాతీ కంటే ముందుకు పోయింది. ఒంటి మీదకి, కాస్త కిందికి వేసి ఉంటే బట్లర్ చేతులకి అందేది కాదు, మహా అయితే కింద పడేది. కానీ కర్స్ కదల్లేదన్నది చూసి ఆగడానికి ఆ ఆటలో టైమ్ ఉండదు. స్నాప్ అందుకోవడం, వదలడం, అంతే.

ఇక మొదట్లో పట్టుకోమన్న విషయం. లించ్ 1 యార్డ్ దగ్గర పడ్డాక సుమారు 35 సెకన్లు ఎందుకు పోనిచ్చారు? పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీకి టైమ్ మిగల్చకూడదని. టచ్‌డౌన్ పడితే 31-28, స్కోరు సమం చేయడానికి బ్రేడీకి ఒక్క ఫీల్డ్‌గోల్ చాలు, కాబట్టి ఆ భయంలో అర్థముంది. కానీ 45 సెకన్ల దగ్గర స్నాప్ వేసి ఉంటే మూడు డౌన్లూ లించ్‌కే ఇవ్వొచ్చు: 40 దగ్గర టైమ్‌అవుట్, మళ్ళీ పరుగు, గుట్ట విడిపోయినా 20 మిగులుతాయి. పాస్ తప్పనిసరి అయ్యింది గడియారాన్ని వాళ్ళే తినేశారు కాబట్టి. ముందు వెనకబడ్డ నాలుగు పాయింట్లు తెచ్చుకోవాలి, బ్రేడీ సంగతి తర్వాత. బెలిచిక్ కూడా టైమ్‌అవుట్లు ఉంచుకుని తీసుకోలేదు. పాస్ టచ్‌డౌన్ అయ్యుంటే ఈపాటికి అతన్ని తిడుతూ ఉండేవాళ్ళు.

పాస్ వేసినందుకే తిట్టాలనుకుంటే సరైన మ్యాచ్ రెండేళ్ళ తర్వాతది. 2017 ఫిబ్రవరి 5, హ్యూస్టన్. అట్లాంటా 28-20తో ముందుంది, అయిదు నిమిషాల్లోపే మిగిలింది, హూలియో జోన్స్ పట్టిన బంతితో పేట్రియట్స్ వైపు 22 యార్డ్ లైన్ దాకా వచ్చింది. అక్కడి నుంచే కొడితే 40 యార్డ్ల లోపు ఫీల్డ్‌గోల్, మ్యాట్ బ్రయంట్ లాంటి కిక్కర్, తేడా 11 పాయింట్లు, అంటే బ్రేడీ రెండు సార్లు స్కోర్ చేయాలి. అక్కడ పాస్ కింద పడితే లాభం లేదు, గడియారం ఆగి అవతలివాళ్ళకే మేలు. సాక్ అయితే (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే) సర్వనాశనం. ఒక పరుగుకి యార్డ్ పోయాక క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్‌ని పాస్‌కి వెనక్కి పంపారు. ట్రే ఫ్లవర్స్ 12 యార్డ్ల వెనక్కి పడగొట్టాడు. తర్వాతి ఆటలో హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకున్న తప్పు), ఇంకో 10 యార్డ్లు వెనక్కి. 22 దగ్గర ఉన్న బంతి 45 దగ్గరికి పోయింది. పంట్ చేశారు, అంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేశారు. బ్రేడీ 91 యార్డ్లు నడిపించి స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో 34-28తో గెలిచాడు. ఆ పాస్‌ని సమర్థించే గడియారం లెక్క ఒక్కటి కూడా దొరకదు.