మోచెయ్యి నొప్పి దాచకు

ఒరేయ్ నానీ,

బేస్‌బాల్ క్లబ్ నిన్ను రిలీజ్ చేసిందట, అయినా వదలకుండా అట్లాంటిక్ లీగ్‌లో, అదే ఏ మేజర్ జట్టుకూ చెందని ఆ విడి లీగ్‌లో, పిచ్చర్‌గా బంతులు విసురుతూనే ఉంటానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఇరవై ఏడేళ్లొచ్చాయి, డిగ్రీ చేతిలో ఉంది, పెళ్లి సంబంధం వాళ్లు ఉద్యోగం ఏమిటని అడిగితే ఏం చెప్పాలీ అని. నాకూ టెన్షన్ లేకపోలేదు. కానీ మన ఇంట్లో ఇంత మొండివాడు పుట్టినందుకు లోపల్లోపల మురిసిపోయాను. తెలుగు చదవడం రాదని తప్పించుకోకు, అమ్మతో చదివించుకో. ఆవిడ కూడా వినాల్సినవి ఉన్నాయి.

తిండి, నిద్ర, బస్సు ప్రయాణాలు నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటికి మాత్రం ఏడాది లీజు రాయకు.

మళ్లీ తీసేసినా తల దించుకోకు. పిచ్చర్ ఎడ్విన్ జాక్సన్ అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో 14 జట్లకు ఆడాడు. 2010లో అరిజోనా తరఫున 149 బంతులు విసిరి, ఎనిమిది వాక్‌లు (గురితప్పిన బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్) ఇచ్చి కూడా, అవతలి జట్టుకు ఒక్క హిట్ ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. నెల దాటిందో లేదో, అతన్ని షికాగో జట్టుకు మార్చేశారు! ఇంకో పిచ్చర్ రిచ్ హిల్ 2015లో, 35 ఏళ్లప్పుడు, ఇదే అట్లాంటిక్ లీగ్‌లో లాంగ్ ఐలండ్ డక్స్‌కు ఆడాడు. ఆ సెప్టెంబర్‌లోనే మేజర్ జట్టు బోస్టన్ తరఫున బంతులు విసిరాడు. 2025లో కాన్సస్ సిటీకి ఆడి జాక్సన్ 14 జట్ల లెక్క అందుకున్నాడు, 45 ఏళ్ల వయసులో. అతనిది ఎడమచెయ్యి, ఎడమచేతి పిచ్చర్లకెప్పుడూ గిరాకీ ఉంటుంది. నీది కుడి, అది గుర్తుంచుకో.

ఇక నా భయం సంగతి. నేను ఫిజియోథెరపీ చేసేటప్పుడు ట్రిపుల్-ఎ (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింది స్థాయి) రిలీవర్ ఒకడు, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్, భుజం కోసం వచ్చేవాడు. మంచి పిల్లాడు, కుడిచేత్తో వేసేవాడు, బంతి నిప్పులా వచ్చేది. ఒకరోజు చూస్తే కాఫీ కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు, బ్యాగు జిప్పూ ఎడమచేత్తోనే లాగుతున్నాడు. ముంజెయ్యి బిగుసుకుంటోందా అంటే, పక్క సరిగ్గా లేక అన్నాడు. చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందా అంటే నవ్వేశాడు. మాత్రలు మింగుతూ ఆడుతున్నాడని తర్వాత తెలిసింది.

తెలివితక్కువవాడు కాదు, వాడి లెక్క వాడికుంది. ఈమధ్య ధరల్లో చెప్తా. ట్రిపుల్-ఎ జీతం 2023 ఒప్పందం ప్రకారం కనీసం ఏడాదికి 35,800 డాలర్లు. మేజర్ లీగ్‌లో 2025లో కనీసం 7,60,000 డాలర్లు. మేజర్ జట్టులో ఉండగా గాయపడితే ఆ జీతం, సర్వీసు రోజులు (మేజర్ జట్టులో ఉన్నట్టు లెక్కకొచ్చే రోజులు) రెండూ నడుస్తాయి. అలాంటివి 43 రోజులు నిండితే పెన్షన్‌కు అర్హత. కింద ఉండగా గాయపడితే ఇవేవీ లేవు. అందుకని పైనుంచి పిలుపు వచ్చాకే నొప్పి బయటపెడదామనుకున్నాడు. పిలుపు రాకముందే, పిచ్చర్లు వార్మప్ చేసే బుల్‌పెన్‌లో స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) ఒకటి వేస్తుంటే మోచేతి లిగమెంట్ తెగింది. తెగిన లిగమెంట్ బదులు కొత్తది అమర్చే టామీ జాన్ ఆపరేషన్, ఏడాదికి పైగా ఎదురుచూపు. ఈలోగా క్లబ్ వదిలేసింది. తిరిగొచ్చాడు గానీ ఆ వేగం రాలేదు.

నువ్వూ అదే లెక్క వేస్తావని నాకు తెలుసు, అందుకే ఇంత రాశాను. ముంజెయ్యి బిగిస్తే, కంట్రోల్ తప్పితే, అదే రోజు ట్రైనర్‌కు చెప్పు. వాళ్లతో చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే. సంతకం పెట్టేముందు దెబ్బ తగిలితే స్కాన్ ఖర్చు ఎవరిదో కాగితం మీద చూసుకో. పాత క్లబ్ నుంచి నీ ఎమ్మారై కాపీలు ఇప్పుడే తెప్పించు, ఒకటి నాకు పంపు.

అమ్మ సంగతి నేను చూసుకుంటాలే. మీ జట్టు లాంకాస్టర్‌కు వచ్చే తేదీలు చెప్పు. పులిహోర కట్టుకుని అత్తయ్యా నేనూ వస్తాం. నువ్వు ఆ రోజు బంతి వెయ్యకపోయినా వస్తాం.

మీ మావయ్య